తాళాల లెక్క

జూన్ 9, 2025. సోమవారం

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తాను. కంపెనీ రిపోర్టులో రాసింది వేరు.

మారతహళ్ళిలో పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంటు, లిఫ్టు సర్వీసు రోజు. ఎప్పటిలాగే మెయిన్ స్విచ్ ఆపి దాని గడియకు ఆవులప్ప తన తాళం వేశాడు, నేను నా తాళం వేశాను. ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులో. ఈ పనిలో మాకు అదొక్కటే దేవుడు. లోపల ఎంతమంది ఉంటే స్విచ్ మీద అన్ని తాళాలు ఉండాలి. తాళాలు లెక్కపెడితే మనుషుల లెక్క తేలిపోతుంది. ఎవరి తాళం వాళ్ళే తీయాలి, కన్నతల్లి వచ్చి అడిగినా చెవి ఇవ్వకూడదు. నాలుగేళ్ళుగా జంటగా పనిచేస్తున్నాం, అతని తాళంచెవిని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అతను లిఫ్టు కింద గుంటలోకి దిగాడు. నేను పైన గుమ్మం దగ్గర కూర్చుని సామాన్లు అందిస్తున్నాను. రెండు కావస్తుండగా స్పానర్ అడిగాడు, ఇచ్చాను. ఆ తర్వాత మాట లేదు. పిలిచాను, పలకలేదు. మాట వినపడని చోట ఇనుము మీద మూడు దెబ్బలు కొట్టాలి, అంటే నేను బాగానే ఉన్నానని. అదీ లేదు. టార్చి వేసి వంగి చూశాను.

రెండు కళ్ళు. అంత పెద్ద గుంటలో కళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆవులప్ప కనపడలేదు.

అపార్టుమెంట్లలో వీధికుక్కలు గుంటలో పడడం మామూలే. కుక్కే అయి ఉంటుంది. తలుపు మూసేసి దానికి వీపు ఆనించి కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి లిఫ్టు ఎప్పుడు నడుస్తుందని అడిగాడు. సాయంత్రం అవుతుందన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆరింటికి మూడు దెబ్బలు వినపడ్డాయి. తలుపు తీశాను. ఆవులప్ప పైకి ఎక్కాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు, చొక్కా ఎడమచెయ్యి పీలికలుగా వేలాడుతోంది. కళ్ళు తిరిగి పడ్డానన్నాడు. సరేనన్నాను. అతని తాళం అతను తీశాడు, నా తాళం నేను తీశాను. కుక్క సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

జూన్ 10

అది కుక్కే.

జూన్ 11

అతను సెలవు. జ్వరమట. సూపర్‌వైజర్ రాజగోపాల్ సారు నన్ను ఒంటరిగా బొమ్మసంద్ర ఫ్యాక్టరీలోని సరుకుల లిఫ్టుకు పంపాడు. రోజంతా ఒకటే ఆలోచన. ఆ గుంటకు ఇంకో దారి లేదు. కుక్క అయితే ఎటు పోయింది?

జూన్ 14, శనివారం

వచ్చాడు. ఈ ఉక్కలో నిండుచేతుల చొక్కా వేసుకున్నాడు. జనరేటర్ గది మెట్ల మీద కూర్చుని తిన్నాం. అతను రాగిముద్ద తెచ్చాడు. నా డబ్బాలో గోంగూర వేసుకుంటూ, మా ప్రొద్దుటూరు వాళ్ళకు కారం తప్ప ఇంకో రుచి ఉందని తెలీదని ఎప్పటిలా ఆటపట్టించాడు. నేనూ ఎప్పటిలా నవ్వాను. నవ్వుతూ అతని గోళ్ళు చూశాను. మామూలు గోళ్ళే, సందుల్లో గ్రీజు ఉంది.

ఆ మనిషి పక్కన నిలబడితే నాకు బాగుంటుంది. ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకుంటాను? ముప్పై రెండేళ్ళు వచ్చాయి, పీజీ హాస్టల్ గదిలో ఇద్దరు చిన్న వయసు అమ్మాయిల మధ్య మంచం వేసుకుని ఉంటున్నాను, పెళ్ళి మాట ఎత్తితే ఇంట్లోవాళ్ళ మీద గయ్యిమంటాను. ఎందుకంటే ఇందుకే. పేరుకు తగ్గ మనిషి, ఆవు లాంటి సాధువు అని ఆఫీసులో అందరితో అనేదాన్ని. ఇవాళ అనలేకపోయాను.

జూన్ 22, ఆదివారం

ఆవులప్ప అక్క జయమ్మ దొడ్డబళ్ళాపురంలో మగ్గాల షెడ్డు మెట్ల మీంచి పడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్. భర్త పోయి రెండేళ్ళు. ఆమె పిల్లలిద్దరినీ ఇతను బైకు మీద ముందొకరిని వెనకొకరిని కూర్చోబెట్టుకుని బొమ్మసంద్రలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. కెంపమ్మకు ఎనిమిదేళ్ళు, అమ్మమ్మ పేరు పెట్టారట, కెంపి అంటారు. చైతుకు నాలుగు. ఫోనులో ఇదంతా చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి పెట్టేశాడు.

జూన్ 24

అడిగాడు. లిఫ్టు మోటారు గదిలో, నా వైపు చూడకుండా, వైరు చుడుతూ అడిగాడు.

"నాలుగు వారాలకు ఒకతూరి మూడు దినాలు, మధ్యాన్నం పైన, నేను బిడ్డల దగ్గర ఉండేదానికి కాదు. నువ్వు వచ్చి ఇంట్లో ఉంటావా?"

ఎందుకని అడగాలి కదా ఏ మనిషైనా. జూలై ఏడున చెబుతానన్నాడు. సరేనన్నాను. ఇప్పుడే చెప్పమని పట్టుబడితే చెప్పేస్తాడేమోనని నా భయం.

జూన్ 28, శనివారం

పెట్టె సర్దుకుని వచ్చేశాను. కింద ఇంటి ఓనరు పెద్దమునియప్ప, మేము పైన. రైలుపెట్టెల్లా వరసగా మూడు గదులు. చివరి గదికి కిటికీ లేదు, పైన చిన్న వెంటిలేటర్ ఉంది, ఒక మంచం ఉంది, తలుపు మాత్రం ఇనుముది. దొంగల భయమా అని అడిగాను. అవునన్నాడు. తలుపు లోపలివైపు పొడుగు పొడుగు గీతలున్నాయి. ఈ వెల్డింగు వాళ్ళు ఏ పనీ నున్నగా చేసి చావరు.

పెద్దమునియప్పకు నన్ను "మా ఆఫీసామె, బిడ్డల్ని చూసుకునేదానికి వచ్చిండాది" అని చెప్పాడు. ముసలాయన నన్నూ నా పెట్టెనూ ఒకసారి చూసి, మంచిదప్పా అన్నాడు.

జూలై 2

చైతు నన్ను అత్తా అంటున్నాడు. మామ ఇంట్లో ఉండే ఆడమనిషి అత్త కాక ఏమవుతుంది, వాడి లెక్క వాడిది. ఆవులప్ప విననట్టు నటించాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వీధి చివర సర్కారు బడిలో టీసీ లేకుండానే కెంపిని కూర్చోబెట్టుకున్నారు. చైతు స్నానాలగదిలోకి పోయి గడియ వేసుకుని పలకడు. అందుకని మా పనిలో సైగ నేర్పాను. తలుపు మీద మూడు దెబ్బలు కొడితే లోపల బాగానే ఉన్నానని అర్థం. అప్పటినుంచి రోజంతా టక్ టక్ టక్. బీరువాలో దూరి కొడతాడు, మంచం కింద దూరి కొడతాడు. కోతికి కొబ్బరిచిప్ప ఇచ్చిన పాపం నాది.

జూలై 6

రేపు ఏడు.

జూలై 7

చెప్పాడు. నేను నమ్మలేదు. ఒకటిన్నరకు ఆ గదిలోకి పోయి, తలుపు జానెడు తెరిచి పెట్టి చూడమన్నాడు. చూశాను.

రాయను.

జూలై 8

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ముందు మెడ వెనక వేడి ఎక్కుతుందట. తర్వాత మాట పోతుంది. నిన్న చొక్కా తీసి మంచం మీద మడిచి పెట్టాడు, అంత పద్ధతిగా. వీపు మీద చర్మం కింద ఏదో పక్కకు ఒత్తిగిల్లినట్టు కదిలింది. మనిషి వంగాడు. వంగినవాడు మళ్ళీ లేవలేదు. లేచింది చిరుత. నా నడుమంత ఎత్తు. ఊపిరి వాసన కూడా తగిలింది నాకు.

అంతకు ముందు, ఇంకా మాట ఉండగానే, గడప దగ్గర తన పని తాళం తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద తన పేరు, ఫొటో ఉన్న బిళ్ళ వేలాడుతోంది. లోపల ఉండేది నేను కాబట్టి తలుపు మీద నా తాళమే ఉండాల అన్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి అదీ ఇచ్చాడు. నాలుగేళ్ళలో ఎవరికీ ఇవ్వని చెవి. నా గుప్పిట మూసి, మూసిన గుప్పిట మీద తన చెయ్యి ఒక క్షణం ఉంచాడు. మా పనిలో అంతకంటే పెద్ద మాట లేదు. ఆ మాట అన్న మనిషి రెండు నిమిషాల తర్వాత నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు. సంతోషపడాలో పారిపోవాలో తెలియక తాళం వేసి వంటింట్లోకి పోయి బియ్యం కడిగాను.

అతని తాతల నుంచీ ఇంటికి ఒకరికి వస్తుందట ఇది. ముందు క్వారీ గుట్టల వైపు పోయేవాడట. మూడేళ్ళ కిందట అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. ఆ లిఫ్టులు కూడా మేమే చూస్తాం. అప్పటినుంచి ఈ గది. లోపలి గడియ చిరుతకు ఒక లెక్క కాదు, పిల్లలున్న ఇంట్లో బయటినుంచి తాళం వేసే మనిషి కావాలి. అందుకు నేను. జూన్‌లో రోజుల లెక్క ఒకటి తప్పి గుంటలో ఉండగానే వచ్చేసింది.

ఇవాళ మటన్ కొట్టు నుంచి ఎముకలు తెచ్చి లోపల పెట్టాను. మధ్యాహ్నమంతా తలుపు ఇవతలికి కొరికే చప్పుడు వస్తూనే ఉంది. తింటున్నాడు కదా అని కొంచెం ధైర్యం వచ్చింది.

జూలై 10

మూడు రోజులూ గడిచాయి. సాయంత్రం ఆరింటికి మూడు దెబ్బలు, తాళం తీయడం, టీ. పిల్లల కేకలు మధ్యలో. ఇవాళ గది ఊడ్చాను. ఎముకలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, కుక్కలకు వేశాను. అతను నిండుచేతుల చొక్కా వేసుకుని పనికి పోయాడు. మేమిద్దరం ఒకే మూడు రోజులు సెలవు పెట్టడం గురించి రాజగోపాల్ సారు ముసిముసిగా నవ్వుతూ ఏదో అన్నాడట. అనుకోనీ.

జూలై 19

కెంపి జడ వేయించుకుంటూ అడిగింది. "అత్తా, మామకు మచ్చలు వస్తాయి కదా. మా అమ్మ చెప్పింది. నీకు భయమా?"

లేదన్నాను. ఆ పిల్ల తల వెనక్కి వంచి నా మొహం చూసి మళ్ళీ ముందుకు తిరిగింది.

రాత్రి పిల్లలు పడుకున్నాక వరండాలో కూర్చున్నాం. నా ముంజేతికి అంటిన గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ప్రేమగా ఉంది, అదే సమయంలో ఆ వేళ్ళ వంక చూస్తే భయంగానూ ఉంది. రెండూ ఒకే చోట ఎలా ఉంటాయో నాకు తెలీదు, ఉన్నాయి.

జూలై 27

లేఔటు గోడ మీద చిరుత నడుస్తున్న వీడియో ఒకటి అందరి ఫోన్లలో తిరుగుతోంది. మాది కాదు.

మాది అని రాశాను.

ఆగస్టు 4, సోమవారం

వరసగా రాయాలి.

కెంపి బడికి పోయింది. చైతుకు జలుబు, ఇంట్లోనే ఉన్నాడు. ఒకటిన్నరకు వాణ్ణి ముందుగదిలో పడుకోబెట్టి దుప్పటి కప్పాను. ఆవులప్ప వంటింట్లో నీళ్ళు తాగి గదిలోకి పోయాడు, చెవి ఇచ్చాడు. తలుపు మూసి అతని తాళం వేశాను. తాళం వైపు చూశాను. ఒక తాళం, ఒక మనిషి. ఈ పనిలో చేరిన ఏడేళ్ళుగా అలవాటైన చూపు అది. లెక్క సరిపోయింది, మనసు కుదుటపడింది, పప్పు కుక్కర్ పెట్టాను.

నాలుగేళ్ళ పిల్లవాడికి తాళం ఎక్కడుంటుంది?

రెండున్నరకు పోయి చూస్తే దుప్పటి కింద దిండ్లు. నవ్వొచ్చింది ముందు. బీరువా చూశాను, స్నానాలగది చూశాను, మెట్ల కింద చూశాను. కింద పెద్దమునియప్ప ఇంట్లో అడిగాను, రాలేదన్నారు. అప్పటికి నవ్వు పోయింది. పైకి వచ్చి వంటింటి మధ్యలో నిలబడితే వినపడింది. ఇనుప తలుపు మీద మూడు దెబ్బలు.

ఎప్పుడూ ఆరింటికి ముందు రాలేదు ఆ చప్పుడు. పైగా అది నా మోకాలి ఎత్తు నుంచి వచ్చింది.

తాళంచెవి రెండుసార్లు జారింది. దేవుణ్ణి కూడా పిలవలేదు. తలుపు తీశాను. ఎదురుగా చైతు, ముక్కు కారుతోంది, నా వైపు చేతులు చాచాడు. వాడి వెనక మూరెడు దూరంలో అది. ముందుకాలు ఒకటి ఎర్రగా తడిసి ఉంది, మూతి ఎర్రగా ఉంది. నన్ను చూసింది. నేను పిల్లవాడి చొక్కా పట్టుకుని లాగి తలుపు మూసి తాళం వేశాను. వాడి ఒళ్ళంతా తడిమాను, ఎక్కడా గీత కూడా లేదు. వాణ్ణి పట్టుకుని నేలమీద కూర్చుని ఏడ్చాను. మామ నీళ్ళు తాగుతుండగా లోపలికి దూరి మంచం కింద దాక్కున్నాడట. నేను వెతకడానికి వస్తానని ఎదురుచూశాడట.

తలుపు మూసిన నిమిషానికి లోపల కొరికే చప్పుడు మొదలైంది.

ఏడ్పులో కూడా నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయాలి. పిల్లవాణ్ణి ముట్టకూడదని తన చెయ్యి తానే కొరుక్కున్నాడు, అంత మనిషి అతను అనుకున్నాను. సాయంత్రం వాడికి అన్నం తినిపిస్తూ అడిగాను, నీకు భయం వేయలేదా అని. వాడు ముద్ద నములుతూ చెప్పాడు.

"మామ చెయ్యి తింటా ఉండె. నేను వద్దన్నా. మానేసినాడు. నా పక్కన పండుకున్నాడు. తర్వాత నాకు ఉచ్చ వచ్చింది."

అప్పుడు అర్థమైంది. జూలైలో నేను విన్నది ఎముకల చప్పుడు కాదు.

ఆగస్టు 5

రెండింటి నుంచి తలుపు ఇవతల కూర్చున్నాను. చప్పుడు మొదలుకాగానే మాట్లాడాను. ఆఫీసు సంగతులు, చైతు జలుబు, నోటికొచ్చింది మాట్లాడాను. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఇనుముకు ఇవతలి తోడు కాదు అతనికి కావలసింది. తెలుసు నాకు. తాళంచెవి నా చేతిలోనే ఉంది. నాలుగు గంటల సేపు ఉంది. తీయలేదు.

ఆగస్టు 7

నిన్న, చివరి సాయంత్రం, అతనే చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. ముంజేతుల మీద గాట్లు, పాతవి, కొత్తవి, మూడేళ్ళవి. వైరు రోపులు కోసుకున్న గీతలనుకునేదాన్ని నేను. ఎడమ మణికట్టు దగ్గర తెరిచిన పుండు.

క్లినిక్‌లో ఏం కరిచిందని అడిగారు. కుక్క అన్నాను. అతనికి ఐదు సూదులు రాశారు. డాక్టరమ్మ కట్టు కడుతూ, ఇంకో వెంట్రుకవాసి పక్కకు పోయి ఉంటే రక్తనాళం తెగేదని, నరం మాత్రం దెబ్బతిందని చెప్పింది. చిటికెన వేలు, దాని పక్కది ముడవడం లేదు. ఇంకోసారి ఇలా అయితే చెయ్యి పోతుంది, లేదా మనిషే పోతాడు. మా పని చేతులతో చేసేది. అతను డాక్టరమ్మకు నమస్కారం పెట్టబోతే ఒక చెయ్యి సరిగా లేవలేదు.

ఆగస్టు 10

మొన్న, లోపల నేను కూర్చుంటానని అన్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి నా మీద గొంతు పెంచాడు. ఆ మాట ఇంకోతూరి ఎత్తొద్దన్నాడు. పసిపిల్లవాడు కూర్చుంటే ఏమీ చేయలేదు కదా అంటే, వాడికి భయం తెలీదు, నీకు తెలుసు అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. రెండు రోజులుగా ఉప్పూ నిప్పూలా ఉన్నాం. పిల్లలు మా ఇద్దరి మొహాలూ చూస్తూ తిన్నారు.

ఆగస్టు 24, ఆదివారం

ఆసుపత్రికి పోయాను, పిల్లల్ని తీసుకుని. జయమ్మక్క లేచి కూర్చుంటోంది. పుండు చీము పట్టి ఇన్నాళ్ళు ఉంచారు, శనివారం పంపిస్తారట. పిల్లలు బయట కారిడార్లో ఆడుతుంటే ఆమెను సూటిగా అడిగాను. ఆమె నా మొహం చూసి, వాడు చెప్పకపోయినాడా అంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మా నాయనకు వచ్చినప్పుడు మా అమ్మ లోపలే కూచునేది. అనపకాయల గింజలు ఒలుస్తా, ఇంటి మాటలు చెప్తా ఉండేది. ఒంటిగా ఉంటేనే కదమ్మా వాళ్ళు వాళ్ళనే కొరుక్కునేది. తోడుంటే పండుకుంటారు."

"ఎప్పుడూ ఏమీ చేయలేదా?"

చేతి ఉంగరం తిప్పుకుంది.

"ఒకతూరి. అమ్మకు ఎడమచెవి లేకుండె. మిగిలిన కమ్మ కరిగించి చేయించిందే ఇది. ఆ పొద్దు ఎందుకో అమ్మకు భయమేసి లేసి తలుపు దిక్కు పోయిందంట. అంతే. ఆవులప్పకు ఆరేళ్ళు, గడపలో నిలబడి చూసినాడు. దాని తర్వాత కూడా అమ్మ పోతానే ఉండె. పదహైదేండ్లు పోయింది. అమ్మ చచ్చిపోయిన మూడో నెల మా నాయన గదిలో రక్తం పోయి చచ్చిపోయినాడు."

బస్సులో చైతు నా ఒళ్ళో నిద్రపోయాడు. కెంపి కిటికీ పక్కన కూర్చుంది. ఇల్లు చేరేదాకా నా చెవిని నేను ఎన్నిసార్లు తడుముకున్నానో లెక్క లేదు.

ఆగస్టు 25

నేను కూర్చోలేను. లేస్తాను. నా సంగతి నాకు తెలుసు, బల్లి మీద పడితేనే లేచి పరుగెత్తుతాను.

ఆగస్టు 27

పీజీకి ఫోన్ చేశాను. మంచం ఖాళీగానే ఉందట.

ఆగస్టు 30, శనివారం

జయమ్మక్క వచ్చింది, నడవడానికి నాలుగు కాళ్ళ స్టాండుతో. పిల్లలు ఆమె మీద పడి ఏడ్చి, నవ్వి, కాసేపటికి స్టాండు కోసం కొట్టుకున్నారు. ఆవులప్ప అందరికీ కాఫీ కలిపాడు, ఒక చేత్తో. గ్లాసులు ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చాడు.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, అక్కను బిడ్డల్ని వచ్చే నెల దొడ్డబళ్ళాపురంలో దించుతానని, నా పని అయిపోయిందని, పీజీకి పొమ్మని చెప్పాడు. థాంక్స్ కూడా చెప్పాడు, ఆఫీసులో చెప్పినట్టు. చెవి ఇవ్వమని చెయ్యి చాపాడు. ముడవని రెండు వేళ్ళు అలా నిలబడి ఉన్నాయి.

ఆ వేళ్ళు చూశాక నేను ఎక్కడికి పోతాను? నువ్వంటే ఇష్టం అని చెప్పేశాను. నాలుగేళ్ళుగా చెప్పనిది గ్రీజు డబ్బా పక్కన నిలబడి చెప్పాను. నాకూ భయమే, నీ కంటే నాకే ఎక్కువ, అయినా చెవి ఇవ్వను, సోమవారం లోపల కూర్చుంటాను అన్నాను. అతను గోడకు ఆనుకుని మొహం తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. "నాకు తెలిసే ఉండాది, నీకు ఇష్టమని. దానికే కదా పొమ్మనేది" అన్నాడు.

ఆగస్టు 31

అనపకాయల కాలం కాదిది. మార్కెట్లో అడిగితే నవ్వారు. వేరుశనక్కాయలు రెండు కిలోలు తెచ్చుకున్నాను. చేతికి పని ఉంటే కాళ్ళు లేవవని నా ఆశ. సాయంత్రమంతా లేవకుండా కూర్చోవడం సాధన చేశాను, నవ్వుతారు ఎవరైనా చూస్తే. కుక్కర్ కూత వేస్తేనే ఉలిక్కిపడి లేచాను.

సెప్టెంబరు 1, సోమవారం. మధ్యాహ్నం 1.20

లోపలి నుంచి రాస్తున్నాను.

వేరుశనక్కాయలు పనికిరాలేదు, ఒలుస్తుంటే కళ్ళు తలుపు వైపే పోతున్నాయి. డైరీ అయితే ఒళ్ళో పెట్టుకోవచ్చు. రాస్తూ ఉంటే లేవను.

కెంపి బడిలో ఉంది. చైతు కింద పెద్దమునియప్ప ఇంట్లో, ముసలాయన ఒళ్ళో టీవీ చూస్తున్నాడు, ఇప్పుడే దిగి చూసి వచ్చాను. చేత్తో ముట్టుకుని మరీ లెక్కపెట్టి వచ్చాను. కమ్మలు తీసి జయమ్మక్కకు ఇచ్చాను. ఆమె తలుపుకు అతని తాళం, నా తాళం రెండూ వేసి, తాళంచెవులు పట్టుకుని అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏం జరిగినా ఆరింటిదాకా తీయొద్దని చెప్పాను. సరేనంది. తర్వాత తలుపు సందులోంచి, "అమ్మ పేరు తలుచుకో" అంది. నేను ఎరుగని మనిషి పేరు తలుచుకుంటున్నాను.

1.35

అతను మంచం అంచున కూర్చున్నాడు, నేను నేల మీద, తలుపుకు దూరంగా ఉన్న గోడ దగ్గర. చొక్కా తీసి మడిచాడు. ఇప్పటికైనా పొమ్మన్నాడు. పోనన్నాను. నా వైపు చూడకుండా ఒక మాట అడిగాడు, నేను లేస్తే తనకు తెలుస్తుందా అని. అంటే ఆ చిరుత లోపల తను ఉంటాడా, ఉండడా అని నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు? చైతు వద్దంటే మానేశావు కదా అన్నాను. తల ఊపాడు.

పదహైదేళ్ళు ఆమె ఎలా కూర్చుందో. ఒక్కరోజుకే నా ఒళ్ళు చెమటతో తడిసిపోయింది.

1.46

మెడ వెనక వేడి మొదలైందన్నాడు. గోళ్ళతో మంచం పట్టె పట్టుకున్నాడు. నోటితో గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. బయట ఎక్కడో కూరగాయల బండివాడు మైకులో టమోటా అని అరుస్తున్నాడు. నా కాళ్ళు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి, లేవడానికి. వాటి మీద డైరీ పెట్టి నొక్కి రాస్తున్నాను.

1.51

మంచం దిగి నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఇంకా మనిషే. వీపు కదులుతోంది. మాట పోయింది, నోరు తెరిచి మూశాడు, మాట రాలేదు. ఎడమచేతికి కట్టు ఉంది కాబట్టి కుడిచెయ్యి చాపాడు. నా ఎడమచెయ్యి ఇచ్చాను, రాస్తూనే. తల అడ్డంగా ఊపాడు. రాసే చెయ్యి కావాలట.

ఇది కూడా ఇచ్చేస్తే నన్ను కూర్చోబెట్టేది ఇంకేమీ లేదు. అతను ఉన్నాడు.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. లేవడం లేదు. పెన్ను కింద పెడుతున్నాను.